గర్భసంచి తీయిస్తే నడుము నొప్పి పోతుందా?

ప్రకాశం జిల్లా పడమటి మండలాల నుంచి 36 ఏళ్ల పాఠకురాలు ఒకరు, పేరూ ఊరూ బయటపెట్టవద్దన్న విన్నపంతో, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై ఒకటో ఏడు నిండేసరికి ఇద్దరు పిల్లలు. రెండోది సిజేరియన్ కాన్పు, అప్పుడే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేశారు. వేకువనే గేదెల పాలు పితకడం, వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల టిన్ను మోసుకురావడం, ఆ తరువాత కాలాన్నిబట్టి మిరపకోతకో, పొగాకు ఆకు విరవడానికో, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఆకు గ్రేడింగుకో వెళ్లడం ఆమె దినచర్య.

రెండేళ్లుగా ఆమెకు నడుము కింది భాగంలో నొప్పి ఉంది. వంగి పనిచేసిన, బరువెత్తిన రోజు సాయంత్రానికి అది ఎక్కువై ఎడమ పిరుదులోకి, ఒక్కోసారి తొడ వెనక్కి పాకుతుంది గాని మోకాలు దాటదు. నెలసరి క్రమంగానే వస్తుంది, నాలుగైదు రోజుల్లో ఆగిపోతుంది. దానికి ముందు కొన్నాళ్లు తెల్లబట్ట కనిపిస్తుంది. ఊళ్లోని ఆర్ఎంపీ పదిహేను రోజులకొకసారి నొప్పి ఇంజెక్షన్ ఇస్తున్నారు. ఆయన పంపగా వెళ్లిన పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, గర్భసంచి కొంచెం పెద్దదైందనీ, ముఖద్వారం దగ్గర పుండు ఉందనీ, వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగవచ్చనీ, తీసేస్తే నడుము నొప్పి కూడా పోతుందనీ చెప్పారు. ఖర్చు 60 వేల రూపాయలు. భర్త అడ్వాన్సు కట్టి వచ్చారు. ‘పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముంది’ అంటారు అత్తగారు. తోటికోడలు నాలుగేళ్ల కిందట, ముప్ఫై రెండో ఏట, అదే ఆపరేషన్ చేయించుకుంది. మొదట్లో నడుము హాయిగా ఉందని చెప్పిన ఆమెకు ఇప్పుడు నొప్పి తిరిగొచ్చింది, ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతున్నాయి. అందుకే ఈ పాఠకురాలికి భయం. చేయించుకోవాలా, వద్దా? కాన్పునాడు వెన్నులో ఇచ్చిన సూది వల్లే ఈ నొప్పి వచ్చిందా? పని మానేయాలా? వెనక్కి తగ్గితే పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతున్నానని ఇంట్లో అంటారేమో, ఏం చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో నడుము నొప్పి, తెల్లబట్ట, క్యాన్సర్ భయం అనే మూడు వేర్వేరు విషయాలు ఒకదానితో ఒకటి చిక్కుపడిపోయాయి. మూడింటికీ కలిపి ఒకే ఆపరేషన్ చెప్పారు. నా ఉద్దేశంలో అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది. ఉత్తరం చదివి జబ్బు నిర్ధారించడం ఎవరికీ సాధ్యం కాదు, మిమ్మల్ని పరీక్షించిన వారిని తప్పుపట్టడమూ నా పని కాదు. అయితే మీరు ఇంత వివరంగా రాసినందువల్ల ఒక మాట మాత్రం ధైర్యంగా చెప్పగలను. మీరు వర్ణించిన నొప్పి వంగితే పెరుగుతోంది, బరువెత్తితే పెరుగుతోంది, సాయంత్రానికి ముదురుతోంది. నెలసరి తేదీలతో దానికి పొంతన ఉన్నట్టు మీరు ఎక్కడా రాయలేదు. ఇది నడుము కండరాలకు, కీళ్లకు, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులకు సంబంధించిన నొప్పి తీరు. గర్భసంచి నుంచి పుట్టే నొప్పి సాధారణంగా ఇలా నడుచుకోదు.

గర్భసంచి వల్ల నడుము నొప్పి రానే రాదని నేను అనడం లేదు. పెద్ద గడ్డలు ఉన్నప్పుడు, గర్భసంచి లోపలి పొర ఉండకూడని చోట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నప్పుడు, కటి భాగంలో ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు, గర్భసంచి కిందికి జారినప్పుడు నడుము లాగుతుంది. కానీ ఆ జబ్బులు వేరే గుర్తులను కూడా వెంటబెట్టుకొని వస్తాయి. నెలసరి రోజుల్లో భరించలేని నొప్పి, గుడ్డ మీద గుడ్డ తడిసేంత రక్తస్రావం, కలయికలో నొప్పి, పొత్తికడుపులో బరువు, ఏదో జారుతున్నట్టు అనిపించడం వంటివి. వీటిలో ఒక్కటీ మీ ఉత్తరంలో లేదు. సంకోచం వల్ల రాయకపోయి ఉంటే మాత్రం, డాక్టరు దగ్గర దాచకండి. అప్పుడు నేను చెప్పేదంతా మారుతుంది.

పుండు అన్న మాట విషయానికి వస్తాను. ముఖద్వారం లోపలి వైపు ఉండే మెత్తని ఎర్రని పొర కొందరిలో బయటివైపుకు కనిపిస్తుంది. దాన్ని చూసి పుండు అనడం మన దగ్గర అలవాటైపోయింది. పిల్లలు కనే వయసులో చాలామంది స్త్రీలకు అది సహజంగానే ఉంటుంది, దానంతట అది క్యాన్సర్‌గా మారదు. పైగా అది లోపల పరికరం పెట్టి చూస్తే కనిపించేదే గాని, పొట్ట మీద చేసే స్కానింగులో తేలేది కాదు. మీకు అలా చూసి చెప్పారా, స్కానింగ్ కాగితం చూసి చెప్పారా అన్నది గుర్తు చేసుకోండి. గర్భసంచి కొంచెం పెద్దగా ఉందన్న మాట కూడా, రెండు కాన్పులైన స్త్రీ విషయంలో, దానికదే జబ్బు పేరు కాదు.

అయినా ముఖద్వార క్యాన్సర్ గురించి భయపడటం తప్పు కాదు, ఆ భయాన్ని తీర్చుకోవడానికి తగిన పరీక్షలు ఉన్నాయి. ముఖద్వారం మీద వెనిగర్ లాంటి ద్రావణాన్ని అద్ది, రంగు మారుతుందేమో చూసే వీఐఏ పరీక్షను ప్రభుత్వ కార్యక్రమం కింద 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకొకసారి చేయాలని నిర్ణయించారు. ముఖద్వారం కణాలను తీసి చూసే పాప్ స్మియర్, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్ ఉందేమో చూసే హెచ్‌పీవీ పరీక్షలు కూడా ఉన్నాయి. ఊళ్లోని ఏఎన్ఎంను అడిగితే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏది, ఏ రోజు చేస్తారో చెబుతుంది. కలయిక తరువాత గాని, రెండు నెలసరుల మధ్య గాని రక్తం కనిపించడం, దుర్వాసనతో రక్తపు చారలున్న తెల్లబట్ట రావడం ఉంటే ఆలస్యం చేయకూడదు. నెలసరికి ముందు దురద, వాసన లేకుండా వచ్చేది చాలావరకు శరీర ధర్మమే. దురద, మంట, పెరుగు విరిగినట్టు ఉండటం, పచ్చదనం వంటివి ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. అది మందులతో తగ్గుతుంది, కొన్ని రకాల ఇన్ఫెక్షన్లకు భర్త కూడా మందులు వాడాల్సి ఉంటుంది. ఆ భాగం చెప్పడం మన డాక్టర్లు చాలాసార్లు మరిచిపోతారు.

మీ తోటికోడలి అనుభవాన్ని మీరు భయంతో చూస్తున్నారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే విలువైన సమాచారం అదే. ఆపరేషన్ తరువాత ఆమె కొన్ని వారాలపాటు టిన్ను మోయలేదు, మిరపతోటలో వంగలేదు, గేదెల కింద కూర్చోలేదు. ఇల్లంతా ఆమెకు బరువు ఎత్తవద్దని చెప్పింది. నడుము తేలికపడటానికి ఆ మార్పు ఒక్కటే చాలు. మళ్లీ పనిలోకి దిగాక నొప్పి మళ్లీ వచ్చింది. ఒళ్లు ఆవిర్లు కమ్మడం చూస్తే అండాశయాలు కూడా తీసేసి ఉండవచ్చు. లేదా అవి ఉండి కూడా ముందుగానే పని తగ్గించుకొని ఉండవచ్చు, గర్భసంచి తీసిన కొందరిలో అలా జరుగుతుంది. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ ఆగిపోతే ఎముకల్లోని సారం వేగంగా తరుగుతుంది. నలభై ఐదేళ్లలోపు అండాశయాలు రెండూ తీయించుకున్నవారిలో ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు రావడం ఎక్కువ. అంటే నడుము నొప్పి కోసం చేయించుకున్న ఆపరేషనే, పదిహేనేళ్ల తరువాత వెన్నుపూసలు బలహీనపడటానికి దారి తీయవచ్చు. ఆమెను మీ మాటగా ఒకసారి స్త్రీల వైద్యురాలికి చూపించుకోమనండి. ఆ వయసులో అండాశయాలు పోయినవారికి హార్మోను మందులు అవసరమవుతాయి.

మీ ఇంట్లోనే ఇద్దరికి ఇదే సలహా రావడం వింతేమీ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, 2019-21 మధ్య, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం ఉన్నారు. మన స్త్రీల గర్భసంచులు దేశంలో అందరికంటే రెండింతలు జబ్బుపడ్డాయని నమ్మడం నాకు కష్టం. అనవసరంగా ఈ ఆపరేషన్లు జరగకుండా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఇక వెన్నులో సూది సంగతి. సిజేరియన్‌కు ఇచ్చే మత్తు సూది వల్ల పొడిచిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండవచ్చు, కొందరికి తలనొప్పి వస్తుంది. ఏళ్ల తరబడి నడుము నొప్పి దానివల్ల రాదని ఈ విషయం మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. కాన్పు తరువాత పొట్ట కండరాలు వదులైపోవడం, అవి బిగుసుకోకముందే బిందెలు మోయడం, పసిబిడ్డను చంకనేసుకొని వంగి చేసే పనులు, వీటి మీద పడాల్సిన నింద సూది మీద పడింది.

ముందుగా ఒక జాగ్రత్త చెప్పి నడుము దగ్గరికి వెళ్తాను. మలమూత్ర ద్వారాల చుట్టూ, కూర్చున్నప్పుడు నేలకు తగిలే భాగమంతా తిమ్మిరి ఎక్కడం, మూత్రం బిగబట్టినట్టై రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, కాలు పట్టు తప్పి పాదం ఈడ్చుకుపోవడం కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి, మరుసటి రోజు దాకా ఆగకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా వేధించే నొప్పి ఉంటే వెన్నుపూసల క్షయ వంటివి లేవని తేల్చుకోవాలి, మన దేశంలో అది అరుదైన జబ్బేమీ కాదు. మూత్రంలో మంట, పక్కటెముకల కింద పోటు ఉంటే మూత్రపిండాల వైపు చూడాలి. మీకు ఇవేవీ లేవని నేను ఉత్తరాన్నిబట్టి అనుకుంటున్నాను.

ఇవి లేనప్పుడు నడుము నొప్పిలో దాదాపు 90 శాతం ‘ఫలానా ఎముక, ఫలానా నరం’ అని వేలుపెట్టి చూపలేని రకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. చూపలేనంత మాత్రాన నొప్పి అబద్ధమని కాదు. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు చెప్పడానికి పనికొస్తుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది ఈ నొప్పితో ఉన్నారని అంచనా, వారంతా నాటకాలాడుతున్నారని ఎవరూ అనరు. అలాగే రేపు ఎవరైనా ఎమ్మారై తీయించమంటే వెంటనే పరుగెత్తకండి. నొప్పే లేని 3,110 మంది మీద జరిగిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లకు అది 96 శాతం. గర్భసంచి స్కానింగుతో ఇప్పుడు జరిగిందే అప్పుడు డిస్కు విషయంలో మళ్లీ జరిగే ప్రమాదం ఉంది.

మీ ప్రాంతం కాబట్టి ఇంకో మాట కలుపుతున్నాను. దర్శి, పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువని మీకు తెలుసు. ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో 1937లో తొలిసారి వైద్యులు నమోదు చేసింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఆ జబ్బు ఎముకలకు ఎక్కితే మెడ, వెన్ను కర్రలా బిగుసుకుంటాయి. మీ నడుము వంగుతోంది, పనిచేసిన రోజే నొప్పి పెరుగుతోంది గనుక అదే కారణమని నేను అనుకోను. కానీ తాగడానికి ప్లాంటు నీళ్లు తెచ్చుకుంటున్నా వంటకు బోరు నీళ్లే వాడుతుంటే, ఆ నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి చేత పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వంటకు కూడా మార్చుకోవాలి. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు ఉన్నాయేమో కూడా చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. చెప్పిన ప్రకారం ఆపరేషన్ చేయించుకోవడం ఒకటి. దానివల్ల నెలసరి ఆగిపోతుంది, ఆ భాగపు క్యాన్సర్ భయం దాదాపు తీరుతుంది. బదులుగా 60 వేల అప్పు, మత్తు, రక్తస్రావం, మూత్రనాళానికి గాయం వంటి ప్రమాదాలు కొద్దిమేర, రెండు మూడు నెలలు కూలి పోవడం, అండాశయాలు కూడా తీస్తే నేను పైన చెప్పిన ఎముకల నష్టం ఉంటాయి. నడుము నొప్పి మాత్రం మీరు పనిలోకి దిగాక తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. రెండోది, ఆపరేషన్ వద్దనుకొని ఏమీ చేయకుండా ఇంజెక్షన్లతో నెట్టుకురావడం. ఇది నాకు మొదటిదానికంటే మెరుగ్గా కనిపించడం లేదు. ఆ ఇంజెక్షన్లలో ఏముందో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ లాంటివైతే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు నష్టం, స్టెరాయిడ్ అయితే షుగరు, బీపీ పెరగడంతో పాటు ఎముకలు గుల్లబారడం ఉంటాయి. సీసా పేరు అడిగి రాసుకోండి, స్టెరాయిడ్ అని తేలితే డాక్టరుకు చెప్పి, ఆయన సలహా మీదనే ఆపండి.

మూడో దారి, తేదీని మూడు నెలలు వాయిదా వేసి, ఆ మూడు నెలల్లో గర్భసంచికి దాని పరీక్షలు, నడుముకు దాని వైద్యం వేరువేరుగా చేయించడం. పైన చెప్పిన ప్రమాద గుర్తులు ఏవీ లేనప్పుడు వాయిదా వల్ల మీకు పోయేదేమీ లేదు. మూడు నెలల తరువాత అవసరమైతే ఆపరేషన్ అప్పుడూ చేయించుకోవచ్చు, తీసేసినదాన్ని మాత్రం తిరిగి పెట్టించుకోలేరు. దీనిలోనూ ఇబ్బంది లేకపోలేదు. రెండు మూడుసార్లు ఒంగోలు తిరగాలి, ఆ రోజుల కూలి పోతుంది, అడ్వాన్సు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు, వ్యాయామం మొదలుపెట్టిన వారంలోనే ఫలితం కనిపించదు. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో స్త్రీల వైద్య విభాగంలోను, ఎముకల విభాగంలోను ఒకే రోజు చూపించుకునేలా వెళితే తిరుగుడు కొంత తగ్గుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకొని, ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

వ్యాయామం అనగానే మీరు నవ్వుతారని తెలుసు, రోజంతా ఒళ్లు వంచే మనిషికి ఇంకా వ్యాయామమా అని. మీరు చేసే పని ఒకే కండరాలను ఒకే పద్ధతిలో అలసగొడుతుంది, మిగిలిన వాటిని ముట్టుకోదు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి, పిరుదులను నెమ్మదిగా పైకెత్తి అయిదు లెక్కపెట్టి దించడం, ఒక్కో మోకాలిని ఛాతీ వైపు లాక్కోవడం, చేతులూ మోకాళ్లూ నేలకానించి వెన్నును పైకీ కిందికీ వంచడం, ఈ మూడింటితో మొదలుపెట్టవచ్చు. చేస్తుండగా నొప్పి కాలిలోకి దిగితే ఆపండి. రోజూ నడవండి. నడుము నొప్పి తగ్గినవారు క్రమంగా నడక పెంచుకుంటూ పోతే ఏమవుతుందని ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసిన అధ్యయనం 2024లో వచ్చింది. నడిచినవారిలో సగం మందికి నొప్పి తిరగబెట్టేసరికి 208 రోజులు పట్టగా, నడవనివారిలో 112 రోజులే పట్టింది. బెల్టు కొనవద్దు. దీర్ఘకాలపు నడుము నొప్పికి బెల్టులు, లాగి కట్టే ట్రాక్షన్ వంటివి వద్దని 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. మర్దన, కాపడం మాత్రం హాయినిస్తే చేయించుకోండి, అత్తగారి చేత నువ్వులనూనె పట్టించుకుంటే ఆమెకు కూడా ఈ వైద్యంలో భాగం ఉన్నట్టు ఉంటుంది.

పని మానేయమని నేను చెప్పను. రోజుల తరబడి మంచం పడితే కండరాలు ఇంకా బలహీనపడతాయి, మీ ఇంటికి కూలి డబ్బూ కావాలి. మార్చగలిగింది మారుద్దాం. నిండు టిన్ను అంటే 20 కిలోలు. అది భర్తో కొడుకో బండి మీద తెచ్చి, కుళాయి ఉన్న డబ్బాలో పోసి నడుమెత్తు బల్ల మీద పెట్టాలి. ఇంట్లోవాళ్లు మీకు చేయాల్సిన సాయాల్లో ఇదే మొదటిది. బరువెత్తక తప్పనప్పుడు మోకాళ్లు వంచి కూర్చొని, ఒంటికి ఆనించుకొని లేవండి, ఎత్తి పట్టుకొని పక్కకు మెలి తిరగవద్దు. మిరపకోతలో సాలు అయ్యేదాకా వంగే ఉండకుండా ఒక మోకాలు నేలకు ఆనించి కోయడం, అరగంటకోసారి నిటారుగా నిలబడి వెనక్కి వాలడం అలవాటు చేసుకోండి. గ్రేడింగ్ దగ్గర నేల మీద కాళ్లు ముడుచుకొనే బదులు పీట వేసుకోండి. మేస్త్రీ ఏమంటాడో అని వెనకాడకుండా నలుగురు ఆడవాళ్లు కలిసి అడిగితే పీటకు అడ్డు చెప్పేవారు అరుదు.

మీ భర్త విషయం. అడ్వాన్సు కట్టిన మనిషి మీ నొప్పిని అబద్ధమనుకోవడం లేదు, దానికి ఒక ముగింపు కావాలనుకుంటున్నాడు. కాబట్టి ఆపరేషన్ వద్దు అని మొదలుపెట్టకండి, ‘ఇంకో డాక్టరు చేత ఒకసారి చూపించాక చేయిద్దాం’ అని మొదలుపెట్టండి. ఒంగోలుకు ఆయనను వెంట తీసుకెళ్లండి. మీ నోటితో చెప్పినదానికంటే డాక్టరు నోటితో విన్నది ఇంట్లో ఎక్కువగా చెల్లుతుంది, అది బాగున్నా బాగోకపోయినా. అక్కడ ఆయన ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ జబ్బుకు గర్భసంచి తీయాలి, ఆ పేరు కాగితం మీద రాసివ్వగలరా? దానికి మందులతో వైద్యం ఉందా? తీస్తే అండాశయాలు ఉంచుతారా? ముఖద్వారం పరీక్ష ఫలితం ఏమిటి? వీటికి సరైన జవాబులు వచ్చి, నిజంగానే తీయాల్సిన జబ్బు తేలితే, అప్పుడు సంకోచించకుండా చేయించుకోండి, ఆ మాటను నేనూ సమర్థిస్తాను.

బయలుదేరేముందు స్కానింగ్ కాగితాలు, ఇంజెక్షన్ పేర్లు, గత రెండు మూడు నెలసరుల తేదీలు, ఆ రోజుల్లో నడుము ఎలా ఉందో రాసిన చీటీ వెంట పెట్టుకోండి. రక్తహీనత, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు కూడా అక్కడే అడగండి. తెల్లబట్టకు మందులు ఇస్తే కోర్సు పూర్తిగా వాడండి. వీఐఏ పరీక్ష నెలసరి రోజుల్లో చేయరు గనుక, అది ముగిసిన వారం రోజులకు వెళ్లేలా రోజు చూసుకోండి.